పాలంపేట చెరువు – జాలరి సంసారము

పాలంపేటకు పోవువారందఱును రామప్పగుడిని చూచుటకే పోవుదురు. అది యుక్తమే. కాకతి గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున ప్రతిష్ఠించిన యా దేవాలయమునకు 2021లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. నీటిపై తేలునంత తేలికయైన యిటుకలతో కట్టిన శిఖరమును గూర్చియు, నిగనిగలాడు నల్లరాతి మదనికలను గూర్చియు వ్రాసినవారు పెక్కురు గలరు. ఆ రుద్రుడే కట్టించిన చెరువును గూర్చియు, దానిని నమ్ముకొని బ్రదుకు సంసారములను గూర్చియు వ్రాసినవారు తక్కువ. కావున మేము చూచినంతవఱకు, విని తెలిసికొన్నంతవఱకు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

వరంగల్లునుండి ములుగు మీదుగా జంగాలపల్లి కూడలి చేరి, అచ్చట పెద్దబాట వదలి పాలంపేట త్రోవ పట్టవలెను. ఈ యూరు పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2019 నుండి ములుగు జిల్లాలో చేరినది. గుడికి కొద్ది దూరముననే చెరువు. కొండలు చుట్టును గోడలవలె నిలువగా, విడిచిన యెడమును పెద్ద మట్టికట్టతో మూసి, వాననీటిని పట్టి నిలిపిరి. కాకతీయులనాటి పెద్దలకు గుడి, చెరువు, ఊరు అను మూడును వేఱు కాదు. దేవునికి నైవేద్యము కావలెనన్న పొలము పండవలెను. పొలము పండవలెనన్న చెరువు నిండవలెను. ఎనిమిది వందల యేండ్లనాటి యా యాలోచన నేటికిని వరిమళ్ళకు నీరు పాఱించుచునే యున్నది.

మావారి పాఠశాలకు వేసవి సెలవులిచ్చిన పిదప పిల్లలతో కూడ నచ్చటికి పోయి, చెరువు సమీపముననే బసచేసి, తెల్లవాఱక మునుపే కట్టమీదికి పోయితిమి. మా యింట మత్స్యము వండు నాచారము లేదు. అయినను పరుల శ్రమను చూచి గౌరవించుట కే యాచారమును అడ్డు రాదుగదా.

జాలరులు ముందునాటి సాయంకాలమే వలలు వేసి పోయిరి. పైయంచునకు బెండ్లును, క్రిందియంచునకు బరువులును కట్టియుండుటచే వల నీటిలో తెరవలె నిలుచును. రాత్రివేళ తిరుగు చేప యా తెరలో తల దూర్చును. ముందుకు సాగ దేహము పట్టదు, వెనుకకు రా చెవులు తగులుకొనును. ఇందు సూక్ష్మమంతయు వలకంటిలో నున్నది. కన్ను పెద్దదైనచో పిల్లచేప తప్పించుకొని పోయి పెద్దదగును. కన్ను చిన్నదైనచో నేటి కూరతో పాటు రేపటి కూరయు నేడే గంపలో పడును. చిన్న తెప్పమీద నొకడు కూర్చుండి వల నెత్తుచుండ, మఱియొకడు గడవేసి తెప్పను నిలుపుచుండెను. పూర్వము నూలువలలను తుమ్మచెక్క కషాయములో నుడికించి గట్టిపఱచువారట, ఇప్పుడన్నియు నైలానువే.

తెప్ప గట్టు చేరినతోడనే మగవాని పని ముగియును. ఆడుదాని పని మొదలగును. చేపలను వల కండ్లనుండి త్రుంపకుండ విడదీయుట, జాతివారీగ నేర్పఱచుట, గంపల కెత్తుట, ఎండ ముదురకమునుపే సంతకో, ఊరివీథులకో కొనిపోవుట, బేరమాడుట, చిల్లర లెక్క చూచుట, అరువు గుర్తుంచుకొనుట, ఇవన్నియు స్త్రీల చేతులమీదనే జరుగుచున్నవి. బియ్యము రేపటి కుండును. చేప మధ్యాహ్నము దాటిన నుండదు. అందుచే వేసవియెండలో నామె నడక పరుగు వంటిది. ఇంటికి వచ్చిన పిదప వంట యెటులును తప్పదు. చినిగిన వలను బాగుచేయుటకు సాయపడుట యదనము.

గంప సవరించుకొనుచున్న యొక ముసలియామెను, “పెద్దమ్మా, ఈ చెరువు మీదేనా?” యని యడిగితిమి. ఆమె నవ్వి, “నీళ్ళు పొలాలోళ్ళయి బిడ్డా, చాపలు మాయి. నీళ్ళు బోతె మా చాపలేడ బోతయి?” అని గంప నెత్తిన బెట్టుకొని సాగిపోయెను. ఆ యొక్కమాటలో తెలంగాణమందలి చెరువు జాలరుల బ్రదుకంతయు నున్నది. తూము తెఱచుట రైతు యవసరమునుబట్టి జరుగును. వానలు తప్పిన యేడు పైరును కాపాడుటకు తుదివఱకు నీరు వదలినచో, మిగిలిన మడుగులో చేపలు క్రిక్కిరిసి, నీరు వేడెక్కి, ఊపిరాడక చచ్చును. రైతును తప్పుపట్టుటకు వీలు లేదు. జాలరి కడుపు మాడ్చుటయు న్యాయము కాదు. చెరువడుగున కొంత నీరు చేపలపాలు విడిచి యుంచుటయే యిరువురకును మేలు. బెస్తవారు, ముదిరాజులు మొదలగువారు పలు యూళ్ళలో మత్స్య సహకార సంఘములుగ నేర్పడినది యిట్టి మాట పదిమందిలో చెప్పుకొనుటకు గూడ పనికి వచ్చుచున్నది.

చెరువులో పెంచు చేపల కాపురము చూడ ముచ్చటైనది. బొచ్చె పైనీటిలో మేయును. రవ్వ నడినీటిలో మేయును. మృగాల యడుగున మేయును. ఒకే యింట మూడు పొయ్యిలు పెట్టుకొనియు కలహము లేని తోడికోడండ్ర వంటివి. అయితే యీ మూడును నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు; పాఱుటేటి వఱదనీరు కావలెను. పూర్వము నదులలో పిల్లలను పట్టి తెచ్చి చెరువులలో విడిచెడివారు. 1957 జూలై 10వ తేదీన హీరాలాల్ చౌధురి యను శాస్త్రజ్ఞుడు ఒడిస్సాలో పిట్యూటరీ గ్రంథిసారమును సూదితో నెక్కించి యీ జాతులచే గ్రుడ్లు పెట్టించుటతో నా కొఱత తీఱెను. ఆ దినమునే మనదేశమున మత్స్యరైతు దినముగ జరుపుచున్నారు. 2016లో తెలంగాణ ప్రభుత్వమువారు చెరువులలో చేపపిల్లలను ఉచితముగ విడుచు పథకము నారంభించిరి. ఇక రాష్ట్రపు చేపయగు కొఱ్ఱమీను మాత్ర మిట్టి సాయ మక్కఱలేకయే చెరువులో గ్రుడ్లు పెట్టి, పిల్లలకు తానే కావలి కాయును.

ఈ చిన్న తెప్పను చూచుచుండగా మావారు సముద్రపు టావిరి ట్రాలరుల సంగతి చెప్పిరి. ఇంగ్లండునందు గ్రిమ్స్‌బీ రేవునకై 1881లో ‘జోడియాక్’ అను నావను ఆవిరితో నడచి వల నీడ్చుటకే కట్టిరట. పిదప నిట్టివి వందలకొలది వెలసెను. బొగ్గు మ్రింగుచు, పదిమంది మనుష్యులతో, సంచివంటి పెద్దవలను సముద్రపు టడుగున గంటలకొలది యీడ్చుకొని పోవును. రెండు పెద్దపలకలు నీటి త్రోపుడుచే విడివడి వలనోరు తెఱచి యుంచును. ఆవిరిచే తిరుగు చక్రము వలను పైకి లాగును. సంచి ముడి విప్పగనే చేపలు గుట్టగ పడును. వానిని కోసి శుభ్రపఱచి మంచులో నుంచులోపల వల మఱల నీటిలో నుండును. రాత్రి యనక, పగ లనక పని యిట్లే సాగును. మన బంగాళాఖాతమునకును 1908లో బెంగాలు ప్రభుత్వమువారి ‘గోల్డెన్ క్రౌన్’ ట్రాలరు పరిశోధనకై వచ్చినది. 1927 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వమువారు ‘లేడీ గోషెన్’ అను దానిని నడపిరి.

అంతటి యంత్రమునకు నొకటి తెలియలేదు: చాలు ననుట. 1914 నుండి 1918 వఱకు జరిగిన యుద్ధములో బ్రిటిషువారు ట్రాలరులను శత్రువుల మైనులను తొలగించు పనికి తీసికొనిరి. ఉత్తరసముద్రమున వేట చాలవఱకు తగ్గెను. యుద్ధము ముగిసి మఱల వలలు వేయగా, చేపలు పూర్వముకంటె పెద్దవిగను, విస్తారముగను పడెను. కొన్నియేండ్లలో మఱల తగ్గెను. సముద్రమునకును విశ్రాంతి కావలెనని యిట్లు తెలిసినది. నేడు మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు అఱువదియొక్క దినములు మరపడవల వేటను నిషేధించుచున్నారు.

చెరువునకు విశ్రాంతి వానకాలము. వేసవిలో నీరు తగ్గినపుడు వేట ముమ్మరమగును; మృగశిరకార్తె నాడు చేప తినవలెనను వాడుక యుండుటచే నానాడు బేరము హెచ్చు. అటుపిమ్మట వానలు పడి క్రొత్తనీరు వచ్చి, పిల్లలను విడిచిన వెనుక అవి యెదుగుదాక జాలరి యోపిక పట్టవలెను. ఆ నెలలలో నింటి ఖర్చు ఎట్లు గడచునో గృహిణులమైన మనకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. కూలిపనులు, చేబదుళ్ళు, గంపపట్టిన చేతులు దాచిన నాలుగు కాసులు, వానితోనే యా సంసారములు గట్టెక్కుచున్నవి. చెరువు విశ్రాంతికి వెల చెల్లించుచున్నది వారే.

సోదరీమణులారా! మీరు పాలంపేట పోయినపుడు గుడిలోని మదనికలను తప్పక చూడుడు. ఆ పిదప కట్టమీదికిని పోయి, తడికొంగు బిగించి గంప నెత్తుకొని పోవు స్త్రీలను గూడ చూడుడు. చేప తినువారైనచో, వారియొద్ద కొనునపుడు పిల్లచేపను వద్దని చెప్పుడు; పెద్దచేపకు తగిన వెల నిండు. బేరమున తగ్గించు నాలుగు రూపాయలు మన యింట నొక పూటకు చాలవు. వారి వానకాలమున కవి యక్కఱకు వచ్చును.