చిత్తూరు వాళ్లు నడిచిన యూరప్

1911 మే 5న లండన్ చేరింగ్ క్రాస్ స్టేషన్‌లో ఇద్దరు అన్నదమ్ములు రైలు దిగారు. పెద్దవాడికి ఇంకో వారంలో పదహారేళ్లు నిండుతాయి. పేరు జిడ్డు కృష్ణమూర్తి, పుట్టింది మదనపల్లెలో. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన నారాయణయ్య కొడుకు. పక్కనున్నది తమ్ముడు నిత్యానంద. వాళ్లను వెంటబెట్టుకొచ్చింది దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్. కృష్ణమూర్తే రాబోయే జగద్గురువు అని ఆ సమాజం నమ్ముతున్న రోజులవి. స్వాగతం చెప్పడానికి స్టేషన్‌కు వచ్చినవాళ్లలో ఎమిలీ లుట్యెన్స్ కూడా ఉన్నారు. కొత్త ఢిల్లీకి రూపమిచ్చిన ఆర్కిటెక్టు ఎడ్విన్ లుట్యెన్స్ ఆమె భర్తే.

అంతకు కొన్నేళ్ల ముందే చిత్తూరును ఆనుకుని ఉన్న కట్టమంచి నుంచి ఇంకో యువకుడు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి వెళ్లాడు. అప్పటికే ‘ముసలమ్మ మరణం’ రాసిన కవి. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయిన సి.ఆర్.రెడ్డి.

పాత చిత్తూరు జిల్లా వాళ్లయిన ఈ ఇద్దరూ మసలిన ఊళ్లను వరుసగా చూడాలనే మేము చెన్నైలో విమానం ఎక్కాం. లండన్, కేంబ్రిడ్జి, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ఓమెన్, చివరికి స్విట్జర్లాండ్‌లోని సానెన్. మా తిరుపతి ఏడాది పొడవునా జనం వచ్చిపోయే ఊరు. అక్కడివాళ్లు ఏ నగరానికి పోయినా కళ్లు ముందు మూడు వాటి మీద పడతాయి: క్యూ ఎట్లా నడుస్తోంది, తాగునీళ్లు ఎక్కడున్నాయి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా. భవనాల అందం ఆ తర్వాతే.

లండన్‌లో ఈ మూడూ బాగున్నాయనే చెప్పాలి. పెద్ద రైల్వే స్టేషన్లలో మరుగుదొడ్లు 2019 నుంచి ఉచితం. కుళాయి నీళ్లు ఎవరైనా తాగొచ్చు. ఎస్కలేటర్ మీద నిలబడేవాళ్లు కుడి పక్కకు ఒదిగి, తొందరున్నవాళ్లకు ఎడమ పక్క వదిలేస్తారు. పోలీసు లేడు, విజిల్ లేదు. ఇంతమంది ఈ పద్ధతిని పాటించడం చూస్తే ముచ్చటేస్తుంది. వెస్ట్‌మినిస్టర్ అబ్బే లోపల తిరిగి చూడాలంటే టికెట్టు కొనాలి. ప్రార్థనకు వచ్చేవాళ్లకు మాత్రం ఉచితం. తిరుమలలో సర్వదర్శనం, 300 రూపాయల దర్శనం తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు ఎవరూ వివరించనక్కర్లేదు.

టావిస్టాక్ స్క్వేర్‌లో ఎర్ర ఇటుకల పెద్ద భవనం ఒకటి ఉంది. దివ్యజ్ఞాన సమాజం కోసం లుట్యెన్స్ గీసిన ప్లాను అది. కృష్ణమూర్తి లండన్‌లో అడుగుపెట్టిన 1911లోనే అనీబిసెంట్ దానికి పునాది రాయి వేశారు. కట్టడం సమాజానికి దక్కలేదు. ఇప్పుడది బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఆఫీసు. ఎదురుగా పార్కులో పద్మాసనం వేసుకుని కూర్చున్న గాంధీ విగ్రహం, దాని పీఠం దగ్గర ఎవరో పెట్టిపోయిన పూలు. చుట్టుపక్కల వీధుల్లో నడుస్తుంటే ఇళ్ల గోడల మీద గుండ్రటి నీలం పలకలు కనబడతాయి. ఫలానా రచయిత ఫలానా ఏళ్లలో ఇక్కడ ఉన్నాడు, అంతే రాసి ఉంటుంది. 1867 నుంచి పెడుతున్న ఈ పలకలు నగరంలో వెయ్యికి పైగా ఉన్నాయి. ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ. దారిన పోయే పిల్లవాడు కూడా ఆగి చదివి పోతాడు.

బ్రిటిష్ మ్యూజియంలో మాత్రం మనసు కలుక్కుమంది. ప్రవేశం ఉచితం, నిర్వహణకు వంక పెట్టడానికి లేదు. కానీ అద్దాల వెనక ఉన్నవి మన అమరావతి స్తూపం పలకలు. గుంటూరు కమిషనర్‌గా ఉన్న వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన శిల్పాలు మద్రాసు మీదుగా ఓడెక్కి ఇక్కడికొచ్చాయి. పాలరాయి లాంటి ఆ సున్నపురాయి మీద స్తూపం చుట్టూ వంగి మొక్కుతున్న ఆడవాళ్ల గాజులు, కడియాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వాటిని భద్రంగా ఉంచినందుకు మెచ్చుకోవాలి. కృష్ణా తీరపు శిల్పాన్ని చూడటానికి తెలుగువాళ్లు వీసా తీసుకుని రావలసి రావడం అన్యాయమనీ చెప్పాలి. రెండూ నిజమే.

కేంబ్రిడ్జి చిన్న ఊరు. నడిచే చూసేయొచ్చు. సి.ఆర్.రెడ్డి చదివిన సెయింట్ జాన్స్ కాలేజీ 1511లో పెట్టింది. కామ్ నది రెండు గట్లనూ కలుపుతూ ఆ కాలేజీ లోపలే 1831లో కట్టిన వంతెన ఉంది. గడకర్రతో తోసుకుంటూ తాపీగా సాగే పడవలు దాని కింద నుంచే పోతాయి. పచ్చిక మీద కాలు పెట్టే హక్కు కాలేజీ ఫెలోలకే ఉంటుంది, మిగతావాళ్లు చుట్టూ తిరిగి పోవాలి. ఇట్లాంటి చోట ఒక చిత్తూరు యువకుడు యూనియన్ సొసైటీ చర్చల్లో ఇంగ్లీషువాళ్లతో వాదించి నెగ్గి, ఆ సంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు. దేశం ఇంకా బానిసత్వంలో ఉన్న కాలం అది. తర్వాత ‘కవిత్వతత్త్వ విచారము’ అనే విమర్శ గ్రంథంలో ఆయన తెలుగు కావ్యాలను ఎవరికీ జంకకుండా తూకం వేసిన ధైర్యానికి పదును పెట్టింది ఈ చర్చల హాలే అనిపిస్తుంది.

లండన్ నుంచి పారిస్‌కు ఇప్పుడు రైలు సముద్రం కింద నుంచి పోతుంది. 1994లో తెరిచిన సొరంగం పొడవు 50 కిలోమీటర్లు, ప్రయాణం రెండున్నర గంటల లోపే. 1911 జూన్‌లో అనీబిసెంట్ పారిస్ వచ్చి సోర్‌బాన్‌లో జోర్డానో బ్రూనో మీద ఉపన్యసించారు. చర్చి చెప్పినదానికి తలవంచనందుకు 1600లో రోమ్‌లో సజీవంగా దహనమైన తత్వవేత్త ఆయన. అన్నదమ్ములిద్దరినీ కూడా ఆమె వెంట తీసుకొచ్చారు. తర్వాత 1920లో కృష్ణమూర్తి ఫ్రెంచి నేర్చుకోవడానికి పారిస్‌లోనే ఉన్నారు. ఇంగ్లండులో పరీక్షలు మళ్లీ మళ్లీ తప్పి, డిగ్రీ ఆశ వదులుకున్న రోజులు.

పారిస్ అందమైన నగరం, అందులో అనుమానం లేదు. కష్టాలూ ఉన్నాయి. మెట్రో స్టేషన్లలో చాలావాటికి లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే జాలేస్తుంది. జేబుదొంగల గురించి స్టేషన్లలో మైకు చెబుతూనే ఉంటుంది. అదే ఊళ్లో 1872 నుంచి వీధుల్లో ముదురాకుపచ్చ ఇనుప ఫౌంటెన్లు ఉన్నాయి. నలుగురు స్త్రీమూర్తులు తలల మీద గోపురం మోస్తుంటే మధ్యలో సన్నటి ధారగా మంచినీళ్లు పడుతుంటాయి. రిచర్డ్ వాలెస్ అనే దాత పేదల దాహం కోసం పెట్టించాడు. ఎండలో తిరిగి తిరిగి ఆ ధార కింద సీసా పట్టుకున్నప్పుడు ఆయన్ను తలుచుకోకుండా ఉండలేం.

లూవ్ర్ మ్యూజియానికి 2024లో 87 లక్షల మంది వచ్చారు. తిరుమలకు నాలుగైదు నెలల్లోనే అంతమంది వస్తారు. మోనాలిసా చిత్రం ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. ముందు మందపాటి అద్దం, దాని ముందు అడ్డుకంచె, ఆ ముందు గదినిండా జనం. తలల మీదుగా లేచిన ఫోన్ల మధ్య నుంచి ఒక్క క్షణం చూసేసరికి సిబ్బంది కదలమంటారు. బంగారు వాకిలి ముందు ‘జరగండి, జరగండి’ విన్నవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. ఇక్కడ టికెట్టు మీద వేసిన గంటకు రావాలి, ముందొచ్చినా లోపలికి పంపరు. మన దగ్గరా దర్శనం టోకెన్లకు సమయం వేస్తున్నారు. ఆ టోకెన్ల కోసమే 2025 జనవరి 8న తిరుపతిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. క్యూ నడపడం ప్రాణాలతో ముడిపడిన పని. ప్రపంచంలో ఎక్కడ మంచి పద్ధతి ఉన్నా నేర్చుకోవాలి.

పారిస్ నుంచి తప్పక నేర్చుకోవలసింది నది విషయం. సేన్ నదిలో ఈత 1923లో నిషేధించారు. పెద్ద వాన పడితే మురుగు కాలువలు పొంగి నదిలో కలిసేవి. ఆస్టర్‌లిట్జ్ స్టేషన్ దగ్గర భూమి కింద 5 కోట్ల లీటర్లు పట్టే తొట్టి కట్టారు. వాన నీళ్లు, మురుగు అందులో ఆగి, తర్వాత శుద్ధి కేంద్రానికి పోతాయి. ఇట్లాంటి పనులన్నిటికీ దాదాపు 140 కోట్ల యూరోలు పెట్టాక, 2025 జూలైలో జనం మళ్లీ సేన్‌లో దిగి ఈదారు. తిరుచానూరు పక్కగా, శ్రీకాళహస్తి గుడి కింద నుంచి పారే స్వర్ణముఖికి ఆ స్థాయి ఖర్చు అక్కర్లేదు. ఊరి మురుగు అందులోకి వదలకపోతే చాలావరకు అదే బాగుపడుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ సైకిళ్ల రాజ్యం. సెంట్రల్ స్టేషన్ ముందు నీళ్ల అడుగున 7,000 సైకిళ్లు పట్టే పార్కింగ్ 2023లో కట్టారు. ఎర్రటి దారి మీద పొరపాటున నిలబడితే గంట మోగించి గట్టిగా అదిలిస్తారు, మొహమాటమేమీ ఉండదు. సూటు వేసుకున్న ఆఫీసరూ, ముందు పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకున్న తల్లీ ఒకే దారిలో పోతుంటారు.

అక్కడి నుంచి జ్వోల్లె దాకా ఒక రైలు, తర్వాత చిన్న రైలు ఎక్కితే ఓమెన్. మా ప్రయాణంలో మనసు నిలిచిపోయిన చోటు ఇదే. పైన్ చెట్లు, ఇసుక నేల, ఊదారంగు పొదలు. చుట్టూ నీటి కందకంతో ఏర్డె కోట. దాని యజమాని బేరన్ ఫిలిప్ వాన్ పాలండ్ట్ కోటనూ ఎస్టేటునూ కృష్ణమూర్తి పనికోసం ఇచ్చేశాడు. 1924 నుంచి వేసవి శిబిరాలు ఇక్కడే జరిగాయి. దేశదేశాల నుంచి వేలమంది వచ్చి గుడారాల్లో దిగేవాళ్లు. 1929 ఆగస్టు 3న మూడువేల మందికి పైగా కూర్చున్న సభలో, అనీబిసెంట్ ఎదురుగానే, తన కోసం పెట్టిన నక్షత్ర సంఘాన్ని కృష్ణమూర్తి రద్దు చేశారు. ఏ సంస్థా మనిషిని సత్యం దగ్గరికి చేర్చలేదనీ, తనకు శిష్యులు వద్దనీ చెప్పారు. కోటను బేరన్‌కు తిరిగి ఇచ్చేశారు. చేతికొచ్చిన పీఠాన్ని, ఆస్తిని 34 ఏళ్ల వయసులో ఇట్లా వదిలేసినవాళ్లు చరిత్రలో అరుదు.

ఆ నేల కథ అక్కడితో ఆగలేదు. 1934లో క్వేకర్ క్రైస్తవులు ఆ కోటలో బడి పెట్టి, జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుల పిల్లలకు చోటిచ్చారు. 1942లో నాజీల కింద, శిబిరాలు జరిగిన చోటే ఎరికా అనే జైలు క్యాంపు వెలిసింది. ఖైదీలను ఆకలితో, కొరడాలతో హింసించారు, కొందరు అక్కడే చనిపోయారు. ఎవరి పెత్తనానికీ లోబడవద్దని మదనపల్లె మనిషి చెప్పిన పదమూడేళ్లకు, పెత్తనానికి తలవంచినవాళ్లు ఏం చేయగలరో అదే చోట రుజువైంది. ఇప్పుడక్కడ కుటుంబాలు సెలవులకు వచ్చి గుడారాలు వేసుకుంటాయి.

సానెన్ కొండల మధ్య పల్లె. 1961 నుంచి 1985 దాకా ప్రతి వేసవీ ఇక్కడ కృష్ణమూర్తి మాట్లాడారు. మోంత్రో నుంచి వచ్చే రైలు మార్గం మీటర్ గేజి, ఒకప్పటి మన పాకాల-ధర్మవరం లైనంత వెడల్పే. మనం దాన్ని పెకలించి బ్రాడ్‌గేజి వేసుకున్నాం. వాళ్లు 2022లో, దారిలో గేజి మారినా దిగనక్కర్లేకుండా చక్రాల మధ్య దూరం మార్చుకునే రైలు తెచ్చారు. పల్లెలో తొట్టి నీళ్లు ఎంత తాగినా ఉచితం, కాఫీ మాత్రం ఐదు ఫ్రాంకుల దాకా పలికింది.

యూరప్ నగరాల్లో మాకు కనబడని గుణం ఒకటుంది. ఆకలితో వచ్చినవాణ్ని ఎవరని అడగకుండా కూర్చోబెట్టి అన్నం పెట్టడం. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరున్న భవనంలో రోజూ వేలమందికి వేడి వేడి అన్నం, సాంబారు వడ్డిస్తోంది. ఇంత పెద్ద పని మనం చేయగలుగుతున్నాం. అలాంటప్పుడు కాలిబాటలు, శుభ్రమైన మరుగుదొడ్లు, మురుగు లేని ఏరు మన చేత కావనడం ఒప్పుకోదగ్గ మాట కాదు.

ఇక మన ఊళ్ల సంగతికి వస్తే, మదనపల్లె నడిచి చూడదగ్గ ఊరు. కృష్ణమూర్తి పుట్టింది అక్కడే. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడి బీసెంట్ కాలేజీలో ఉన్నప్పుడే. కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ బడి దగ్గర్లోనే ఉంది. కట్టమంచి చిత్తూరు నగరంలో కలిసిపోయింది. తిరుమలకు వచ్చే కోట్ల మందిలో ఎంతమందికి ఈ ఊళ్ల సంగతి తెలుసు? లండన్ గోడల మీద పలకల్లాంటివి ఈ ఊళ్లలో ప్రతి ముఖ్యమైన చోటా తెలుగులో, ఇంగ్లీషులో పెట్టాలి. తిరుపతి నుంచి వాటన్నిటినీ కలిపి ఒక పర్యాటక బస్సు నడపాలి. ప్రభుత్వం, మునిసిపాలిటీలు, కాలేజీలు కలిసి తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఈలోగా చదువరులు ఒక ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని మదనపల్లె వెళ్లి రండి.