హాంబర్గు నగరమున నొక సంగీత సాయంకాలము

హాంబర్గు జర్మనీ దేశమున బెర్లిను తరువాత రెండవ పెద్ద నగరము. సముద్రము చాల దూరమున నున్నను, ఎల్బ్ నది మీదుగా పెద్ద యోడలు ఊరిలోనికే వచ్చును. మా చెల్లెలు ఉద్యోగరీత్యా అచ్చట కాపురముండుటచే మేము చలికాలమున పోయి పదునైదు దినములుంటిమి. రేవును, ఎఱ్ఱ యిటుకల గిడ్డంగులను చూచితిమి. 1911లో తెఱచిన సొరంగమున నది క్రిందుగా నడచితిమి. కాని సోదరీమణులారా, మా మనస్సున నిలిచినది ఒక సాయంకాలపు కచేరి.

"జాజ్ కచేరికి టిక్కెట్లు కొంటిని, అక్కా" అని చెల్లెలు చెప్పినపుడు మాకు సంతోషము కలుగలేదు. జాజ్ అనగా రొద యని మా తలంపు. ఇంట మా అమ్మాయి అట్టి సంగీతము పెట్టినపుడెల్ల "ఆ రొద కట్టిపెట్టవే" అని కసరుచుండెడివారము.

ఆ బృందము పేరు టింగ్‌వాల్ త్రయము. 2003లో హాంబర్గుననే యేర్పడినది. పియానో వాయించు మార్టిన్ టింగ్‌వాల్ స్వీడను దేశస్థుడు. నిలువెత్తు డబుల్ బేసును మీటు ఓమార్ రోడ్రిగెస్ కాల్వో క్యూబా వాడు. డ్రమ్ములు వాయించు యూర్గెన్ ష్పీగెల్ జర్మనుడు. ముగ్గురివి మూడు దేశములు. పాటకు మాటలు లేవు.

దీపములు తగ్గినవి. పియానోపై ఒక చిన్న వరుస మొదలయ్యెను. ఉయ్యాల యూపుచు కూనిరాగము తీయదగినంత సులువైనది. బేసు దాని వెంట మెల్లగా నడచెను. డ్రమ్ములవాడు కఱ్ఱలు విడిచి, సన్నని తీగల కుంచెలతో చర్మమును నిమిరెను. పిమ్మట పియానో ఆ వరుసను విడిచి, మన విద్వాంసులు మనోధర్మమున రాగమును విస్తరించినట్లు ఎచ్చటెచ్చటనో తిరిగి, మరల ఇంటికి చేరెను. మాకు తెలియకయే మా వ్రేళ్లు తాళము వేయుచుండెను.

విరామమున ప్రక్కన కూర్చున్న వృద్ధురాలు మాటాడగా చెల్లెలు తెలుగు చేసి చెప్పెను. "మా యమ్మ పడుచుదనమున ఈ సంగీతమును తలుపులు బిగించుకొని, గ్రామఫోను సద్దు వీథికి పోకుండ వినెడిదట."

ఏల యని విచారింపగా తెలిసినది. జాజ్ నీగ్రోల సంగీతమనియు, యూదుల సంగీతమనియు నిందించి, నాజీ ప్రభుత్వము 1935లో దానిని రేడియోనుండి బహిష్కరించెను. అయినను హాంబర్గు యువతీయువకులు కొందఱు రహస్యముగా వినుచు, నాట్యమాడుచు నుండిరి. 1941 ఆగస్టున మూడువందలమందికి పైగా పట్టుబడిరి. బాలురను కొందఱిని మోరింగెన్ శిబిరమునకును, బాలికలను కొందఱిని ఊకర్‌మార్క్ శిబిరమునకును పంపిరి. మన యమ్మాయిల యీడువారే!

రెండవ భాగమున ఆ వృద్ధురాలు కన్నులు మూసికొని, పెదవులపై చిఱునవ్వుతో వినుచుండెను. తల్లి భయపడుచు విన్నదానిని కుమార్తె నలుగురి నడుమ కూర్చుండి వినుచున్నది. మాకు కన్నులు చెమర్చెను.

బసకు వచ్చి అమ్మాయికి ఫోను చేసితిమి. "నీ పాటలు, నేను వచ్చిన తరువాత, ఒకమారు నాకును వినిపింపుము" అంటిమి. అది కొంతసేపు పలుకలేదు. పిమ్మట "నిజముగానా, అమ్మా?" అనెను.

పిల్లలు వినునది మనకు రుచింపకపోవచ్చును. రుచించి తీరవలెననియు లేదు. కాని కసరుటకు ముందు ఒక పాట ముగియువఱకైనను వారి ప్రక్కన కూర్చుండుట మన చేతిలోని పనియే కదా!