అయిదో కాంటూరు నుంచి లాల్ డోరా దాకా

మునిర్కా, కొత్త ఢిల్లీ
2025 ఫిబ్రవరి 14

చి. సూరిబాబుకి,

అన్నయ్య దీవించి రాసేది. మేం ఇక్కడ క్షేమం. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఫోనుండగా ఈ ఉత్తరాలేంటని నువ్వు నవ్వుకుంటావని తెలుసు. ఫోనైతే అమ్మ "తిన్నావా, చలిగా ఉందా" అని రెండు ముక్కలడిగి పెట్టేస్తుంది. ఉత్తరమైతే నీచేత రెండుసార్లు చదివించుకుంటుంది. అందుకని.

అమ్మాయి గది మూడో అంతస్తులో. సందు ఎంత ఇరుకంటే, ఎదురింట్లో పోపు వేస్తే ఇక్కడ మనకి దగ్గు. ఆ పోపులో కరివేపాకు ఉంటుంది, వాళ్లు మలయాళీలు. కింద వాటాలో మణిపూర్ పిల్లలు. పైన మన గుంటూరు కుర్రాళ్లు ముగ్గురు సివిల్స్‌కి చదువుతున్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా గదిలో లైటు వేసుకోవాలి. కిటికీ తీస్తే గోడ.

ఇంటాయన ఎనభై దాటిన జాట్ పెద్దమనిషి. ఈ ఊరి జాట్లది టోకస్ గోత్రమట. పొద్దున్నే గుమ్మంలో నులకమంచం వాల్చుకుని హుక్కా పెట్టుకుంటాడు. నేను రైతునని అమ్మాయి చెప్పగానే మంచం మీద చోటిచ్చాడు. ఆయన కుర్రతనంలో చుట్టూ పొలాలే. మెట్ట నేల, వానొస్తే సజ్జలు, చలికాలం శనగలు, బావి ఉన్నచోట గోధుమ. 1960లలో ఢిల్లీ పెరిగి ఇటు వచ్చింది, సర్కారు ఈ చుట్టుపక్కల ఊళ్ల భూములు తీసుకుంది. అమ్మాయి చదివే జేఎన్‌యూ 1969లో మొదలైంది, అది లేచిందీ అలాంటి నేలలమీదే. "నేను నాగలి వదిలేనాటికి యూరియా సంచి మా ఊరికి ఇంకా రాలేదు. కాబట్టి నేను జన్మంతా ఆర్గానిక్ రైతునే" అని పడీపడీ నవ్వాడు.

ఒక సంగతి చెప్పాడు, అది నా బుర్రలోంచి పోవడం లేదు. 1908లో తెల్లవాళ్లు పటం మీద ఊరి చుట్టూ ఎర్రగీత గీశారట, దాన్ని లాల్ డోరా అంటారు. గీత లోపల ఇళ్లు, బయట పొలాలు. బయటవన్నీ పోయాయి. లోపల మిగిలిన జాగాలో అంతస్తు మీద అంతస్తు వేసి అద్దెలకిచ్చుకుంటున్నారు. గీత లోపల పడ్డది వీళ్లకి దక్కింది. మనకేమో గీత లోపల పడటమే చిక్కొచ్చింది. 1999లో జీవో 120 వచ్చి అయిదో కాంటూరు గీత దాకా కొల్లేరంతా అభయారణ్యం అన్నాక, మన మూడెకరాలకి పట్టా ఉండీ మన కాళ్లకి తాడు పడింది కదా.

చేపల చెరువు లీజు సంగతి నువ్వు రాసింది చదివాను. తొందరపడకు. మళ్లీ రాస్తాను.

మీ అన్నయ్య

---

మునిర్కా
ఫిబ్రవరి 17, రాత్రి

చి. సూరిబాబుకి,

(ఈ పేరా అమ్మకి చదవకు.) ఈ తెల్లవారుజామున అయిదున్నర దాటాక మంచం ఒక్కసారి ఊగింది. అమ్మాయి నా రెక్క పట్టుకుని మెట్లమీంచి లాక్కుపోయింది. సందులో అందరం దుప్పట్లతో నిలబడ్డాం. ఆ సందులో రెండు పక్కల గోడలూ మన మీదికే పడతాయి, ఇంక పారిపోయి ఏం లాభం? భూకంపం 4.0 అట, కేంద్రం ఇక్కడికి దగ్గర్లోనే, ధౌలా కువా. అక్కడి ఒక మెట్రో స్టేషన్‌కి మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇక నిన్నటి ఆదివారం సంగతి. మునిర్కాలో మెట్రో నేల కింద నుంచి పోతుంది. అక్కడ ఎక్కి బండి మారకుండా కూర్చుంటే "ఓఖ్లా పక్షి అభయారణ్యం" అనే స్టేషన్లో దింపుతుంది. పక్షుల పేరుతో రైలు స్టేషన్! మన కొల్లేటి పక్షుల ఆటపాకకి ఆటో దొరకడమే గగనం. ఆ స్టేషన్‌కి ముందే బండి యమున దాటుతుంది. బండిలోవాళ్లెవరూ తలెత్తి చూడలేదు, ఫోన్లలో ఉన్నారు. ఓఖ్లా బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లే ఆ అభయారణ్యం, 1990లో ప్రకటించారు. చలికాలం బాతులున్నాయి, కొంగలున్నాయి. గూడబాతు కోసం వెతికాను, మనవూరి మనిషి కోసం వెతికినట్టు. కనపడలేదు. నీళ్ల వాసన మాత్రం బాగా పరిచయమే, చేపల చెరువు ఎండగట్టినప్పటి వాసనకి మురుగుకాలవ కలిపితే అది.

అక్కడినుంచి బొటానికల్ గార్డెన్‌లో లైను మారి మయూర్ విహార్ వెళ్లాం. చిల్లా ఖాదర్ చూడాలన్నది నా పట్టు. ఖాదర్ అంటే మన లంక భూమి అనుకో. వరదకి మునిగి, తగ్గాక ఒండ్రు మిగిల్చే నేల. ఒకపక్క ఆకాశమంత అపార్ట్‌మెంట్లు, నెత్తిమీద మెట్రో, కింద కాలీఫ్లవర్, ముల్లంగి, మెంతికూర, పాలకూర. అంత పచ్చదనం ఢిల్లీలో నాకు ఇంకెక్కడా కనపడలేదు. మట్టి చేతిలోకి తీసుకున్నాను. పిడికిలి పడితే ముద్దయింది, వదిలితే రాలింది. అలాంటి మట్టి కోసం మనం ఎన్ని బండ్ల పేడ తోలాలి!

ఒక రైతు డీజిల్ ఇంజనుకి తాడు చుడుతున్నాడు. నలభై ఏళ్లుంటాయి. వాళ్లది బదాయూ జిల్లా, నాన్నతో పాటు పిల్లాడిగా వచ్చాడట. బిగాకి ఇంత అని ఏటేటా పైవాడికి కౌలు కడతాడు. కాయితం లేదు. ఆ పైవాడి చేతిలోనూ గట్టి కాయితం ఉందో లేదో ఇతనికి తెలీదు. 1949లోనే ఇక్కడి నేలలు రైతుల సహకార సంఘానికి కౌలుకిచ్చారని అమ్మాయి చదివింది. అప్పటి సంతకాలు ఇతనిదాకా రాలేదు. 2023 జూలైలో యమున 208.66 మీటర్లకి వచ్చినప్పుడు (అంతకుముందు 1978 నాటి వరదే పెద్దదట) గేదెల్ని తోలుకుని రోడ్డెక్కి రోజుల తరబడి అక్కడే ఉన్నారు. తిరిగొచ్చి గుడిసె వేసుకున్నారు. ఆ గుడిసె ఇప్పటికి మూడుసార్లు పడగొట్టారని, ఒకసారి తెల్లారితే కోయాల్సిన పాలకూరని ముందురోజే దున్నేశారని చెప్పాడు. వాన ఎప్పుడు పడిందో చెప్పినట్టే చెప్పాడు.

నేను అడగాల్సింది అడిగాను. మందుల్లేకుండా పండిస్తే ఊరకుంటారేమో, ఇది నది ఒడ్డు కదా, అలా చేసి చూడకపోయావా అని. అమ్మాయి హిందీలో చెప్పింది. అతను నాకేసి కాసేపు చూశాడు.

"గేదెలు నాలుగున్నాయి, పేడ వేస్తూనే ఉన్నాను. నేల తేరుకోవడానికి మూడేళ్లు పడుతుందని ఎవరో వచ్చి చెప్పిపోయారు. మూడేళ్ల తర్వాత ఈ నేల బాగుంటే ఎవరికి బాగున్నట్టు, సాబ్? నాది ముప్పై రోజుల పంట. యూరియా వేస్తే వారంలో జవాబు చెబుతుంది. పేడ వచ్చే ఏడు చెబుతుంది. వచ్చే ఏడు నేనెక్కడ?"

అమ్మాయి ఉండబట్టలేక, ఇదే మీరూ తింటారా అంది. "మరి ఇంకేం తింటాం?" అన్నాడు. పక్కనే అతని కూతురు ముల్లంగి పీకి, కాలవలో కడిగి కొరుకుతోంది.

2015 జనవరి 13న జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. యమున శుభ్రపడేదాకా ఈ వరద మైదానంలో తినే పంటగానీ పశువుల మేతగానీ వేయకూడదని. ఇక్కడి కూరగాయల్లో సీసం, నికెల్ లాంటివి ఉన్నాయని టెరీ సంస్థ పరీక్షల్లో తేలింది. ట్రిబ్యునల్ మాట తప్పని నేననను. తినేది ఢిల్లీ పసిపిల్లలు. అదిగో, ఆ రైతు కూతురూ తింటోంది. జీవామృతం పురుగుని ఆపితే ఆపుతుందేమో, సీసాన్ని ఆపదు. కానీ సీసం అతను చల్లాడా? వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా 22 కిలోమీటర్లు, మొత్తం నదిలో వందకి రెండు వంతులు కూడా ఉండదు. యమున మురికిలో ముప్పాతిక వంతు ఆ ముక్కలోనే కలుస్తుందంటారు, నజఫ్‌గఢ్ నాలా ఒక్కటి చాలు. మురికి ఊరంతటిదీ, పంట మానుకోవాల్సింది ఇతనూ. ఇదే ఒడ్డున 2005లో అక్షరధామ్ లేచింది, 2010 కామన్వెల్త్ ఆటలకి క్రీడాగ్రామం లేచింది. వాటిని ఆ గుడిసెలా పడగొట్టి మళ్లీ వేయక్కర్లేదు.

నిద్రొస్తోంది. పొద్దున్నుంచీ కాలికింద నేల కదులుతున్నట్టే ఉంది.

మీ అన్నయ్య

---

మునిర్కా
ఫిబ్రవరి 21

చి. సూరిబాబుకి,

నిన్న ఇంటాయన సంజయ్ వన్ చూపిస్తానని తీసుకెళ్లాడు. రాళ్లగుట్టల అడవి. పొదల్లో ఒక మనుబోతు నిలబడి మమ్మల్ని తీరిగ్గా చూసింది. అడవిలో సగం మన సర్కారు తుమ్మే! ఇక్కడ దాన్ని విలాయతీ కీకర్ అంటారు. మన దగ్గర సర్కారు పేరు, ఇక్కడ సీమ పేరు, ఎక్కడా ఎవరూ మాదని ఒప్పుకోరు. ఆ చెట్టు కింద గడ్డి మొలవదు. ఒకప్పుడు ఇటు పశువులు తోలుకొచ్చేవాళ్లమని ఆయన చెప్పాడు.

నీ ప్రశ్నకి వస్తాను. సహజ సాగు వేసిన ఆ ఎకరం కూడా వదిలేసి, మొత్తం మూడెకరాలూ చేపల చెరువు వాడికి లీజుకిచ్చేద్దామా అని కదా నువ్వడిగింది.

ఆ ఎకరంలో నలభై బస్తాల చోట మొదటి ఏడు ఇరవై ఎనిమిది, రెండో ఏడు ముప్పై మూడు. మిల్లరేమో "మందు వేయని వడ్లయితే నాకేంటి, తేమ ఎంత" అన్నాడు. నీ విసుగు నాకు తెలుసు. మన రైతు సాధికార సంస్థ వాళ్ల పద్ధతి మంచిది కాదని కాదు. 2016 నుంచి లక్షలమంది చేత చేయించారు, నిరుడు పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. కానీ వానలకి ముందే నవధాన్యాలు చల్లి నేల కప్పమంటారు. ఆషాఢం వచ్చేసరికి మన నేల కొల్లేట్లో ఉంటుందాయె! మెట్టకి కుదిరిన వైద్యం మునక నేలకి అలాగే పెడితే ఎలా? మనకున్నది దాళ్వా ఒక్కటే. ఆ ఒక్క పంటకి ముందు నేల మీద నిలిచేది ఎవరి నీళ్లు? బుడమేరు, తమ్మిలేరు, రెండు డెల్టాల మురుగుకాలవలు. విజయవాడ, ఏలూరు, గుడివాడ వదిలినవీ, పైన వేల ఎకరాల్లో చల్లిన మందులు కడిగినవీ అన్నీ మన పళ్లెంలోకే వస్తాయి, ఉప్పుటేరు తీసుకుపోయినంత తీసుకుపోతుంది. మనం ఒక ఎకరంలో నీమాస్త్రం కొట్టి పుణ్యం కట్టుకున్నాం.

పైగా రూలు చూడు. అభయారణ్యంలో జిరాయితీ వాళ్లు సంప్రదాయ సాగు చేసుకోవచ్చు, చెరువు తవ్వకూడదు. సంప్రదాయం అంటే ఏది? ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్8 పండించి చూపించింది 1967లో. నేను పుట్టిందీ ఆ ఏడే. అంటే నా సంప్రదాయం యూరియాతోనే మొదలైంది. తాత నీరు తీశాక బురదలో వడ్లు వెదజల్లి, ఏదొస్తే అది కోసుకునేవాడు. దాని మీద పెళ్లిళ్లు కావు, చదువులు రావు.

అమ్మాయితో దీని మీద రెండు రాత్రులు వాదన. సిక్కిం 2016 నాటికి రాష్ట్రమంతా సేంద్రియం అయింది కదా నాన్నా అంటుంది. ఏళ్లకేళ్లు పట్టింది దానికి, పైగా కొండ మీద ఉన్నవాడి నీళ్లు వాడివే. శ్రీలంక 2021లో ఒక్క ఉత్తర్వుతో రసాయన ఎరువులు ఆపేసింది. ఏడాది తిరక్కుండానే వెనక్కి తీసుకుంది, ఈలోపు వరి పడిపోయింది. నేను చూసిన ఖాదర్ రైతుకి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. పదేళ్లు నిన్ను కదపం అని ఒక కాయితం ఇస్తే అతనే పేడ వేస్తాడు. 2022 బడ్జెట్లో గంగ ఒడ్డున అయిదు కిలోమీటర్ల వెడల్పున రసాయనాల్లేని సాగుని ప్రోత్సహిస్తామన్నారు. యమున వెళ్లి గంగలోనే కలుస్తుంది. అక్కడి రైతుకి ప్రోత్సాహం, ఇక్కడివాడికి బుల్డోజరు. తేడా ఎరువులో లేదు, పట్టాలో ఉంది.

మనకి పట్టా ఉంది. ఆ ఖాదర్ మనిషికి లేని మూడేళ్లు మనకున్నాయి. అందుకే ఆ ఎకరం చెరువుకివ్వడానికి నాకు చేతులు రావడం లేదు. మిగతా రెండెకరాల్లో నువ్వు మందులు వేసుకో, నేను తప్పు పట్టను, నీకు అప్పుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరప్పుడు చేపల చెరువుల గట్లు పేల్చింది మనం చూశాం. ఎవరి గట్టు తెగిందో, లీజు సొమ్ము ఎవరి దగ్గర ఆగిపోయిందో నీకు నేను చెప్పాలా? చెరువు తవ్విన నేలని తిరిగి వరికి తేవడానికి ఎన్నేళ్లు పట్టిందో మన పక్క చేను వాళ్లని అడుగు. పైగా ఆ కోళ్ల వ్యర్థాల కంపు అమ్మ భరించలేదు.

మందులు వేయని ఎకరం బియ్యం మిల్లరుకి కాక, ఇలాంటి మునిర్కా గదుల్లో ఉన్న మన పిల్లలకి అయిదేసి కిలోలు పంపితే ఎలా ఉంటుందని పై వాటా గుంటూరు కుర్రాళ్లని అడిగాను. "బియ్యంతో పాటు పచ్చడి కూడా పంపితే తీసుకుంటాం అంకుల్" అన్నారు.

మీ అన్నయ్య

---

మునిర్కా
ఫిబ్రవరి 24

చి. సూరిబాబుకి,

ఎల్లుండి బండి. ఈ ఉత్తరమూ నేనూ ఒకేసారి దిగుతామేమో. చెరువు వాడు మళ్లీ వస్తే, అన్నయ్య రానీ అను, అడ్వాన్సు మాత్రం ముట్టుకోకు.

ఇంటాయన అమ్మకి అరకిలో సజ్జలు కట్టిచ్చాడు, కొన్నవే, హర్యానా నుంచి తెప్పిస్తాడట. ఖాదర్ రైతు ఇచ్చిన పాలకూర గింజలు నా చొక్కా జేబులో ఉన్నాయి. పెరట్లో చల్లడానికి అమ్మని అడిగి ఒక మడి తవ్వి ఉంచు, తను వంగకుండా చూడు.

రెండు సీసాలు బాగా కడిగి, ఒకదాన్లో మన బోదె నీళ్లు, ఇంకోదాన్లో ఆ చెరువు తూము కింద నీళ్లు పట్టి ఉంచు. సీసాల మీద ఏది ఎక్కడిదో రాసి పెట్టు, కలిసిపోతాయి. ఏలూరులో పరీక్షకి ఇద్దాం.

మీ అన్నయ్య