ఆల్చిప్పల పక్కన మస్కదే

వదినా, పొయ్యి మీద ఏమీ లేదుగా? అయితే ఇలా గోడ దగ్గరికి రా. ఫ్రాన్సు కబుర్లన్నీ ఒక ఎత్తు, ఆ ద్రాక్షతోట కబురు ఒక్కటే ఒక ఎత్తు.

మావాడుండేది నాంత్‌లో కదా. ఊరు దాటి దక్షిణంగా పోతే సెవ్ర్, మేన్ అని రెండు నదులు, వాటి ఒడ్డునంతా మస్కదే అనే తెల్ల వైన్ తోటలు. ఒక ఆదివారం వాళ్ల పక్కింటావిడ తను ఎప్పుడూ కొనే తోటకి మమ్మల్ని తీసుకెళ్లింది. సేంద్రియ సాగు, వాళ్ల మాటలో 'బియో'. కొట్టంలో ఓ మూల నీలంగా ఏదో కనబడితే టక్కున ఆగిపోయాను. మైలుతుత్తం, వదినా! పొన్నూరు దగ్గర మా నాన్నగారు ఆకుతోటకి సున్నంతో కలిపి వాడేవారే, బోర్డో మిశ్రమం, అదే! ఆ బోర్డో వీళ్ల దేశపు ఊరని నాకిన్నాళ్లూ తట్టనే లేదు. దారిపక్క గుత్తులు ఎవరూ కోసుకుపోకుండా అక్కడి రైతులు మైలుతుత్తం, సున్నం చల్లేవారట. చల్లిన తీగలకి బూజు తెగులు అంటకపోవడం మియార్దే అనే ప్రొఫెసరు గమనించి, 1885లో దాన్ని మందుగా లోకానికి చెప్పాడు.

సేంద్రియం అంటే అసలు మందే కొట్టరనుకునేదాన్ని. మైలుతుత్తం లాంటి రాగి మందు కొట్టుకోనిస్తారు, కానీ లెక్క ఉంది: ఏడేళ్లలో హెక్టారుకి 28 కిలోల రాగి దాటకూడదు. రాగి మట్టిలోంచి పోదు, పేరుకుపోయి వానపాములకి చేటు చేస్తుంది. సముద్రం దగ్గరి ఊరు, వాన ఎక్కువ, బూజూ ఎక్కువ. ఆ కొలతలో తోటని కాపాడుకోవాలి. కలుపు మందు ముట్టకూడదు, సాళ్ల మధ్య కలుపుని దున్నో కోసో తియ్యాల్సిందే. మూడేళ్లు అలా చేశాకే 'బియో' ముద్ర. వైన్ చెడకుండా కలిపే సల్ఫైటు కూడా తీపి లేని తెల్ల వైన్‌లో లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా మామూలు వాళ్లకి చెల్లుతుంది, వీళ్లకి 150 దగ్గరే ఆపాలి. ఇంత పాటు పడి చేసిన సీసాకి నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వడం న్యాయమే అనిపించింది నాకు.

ఇక తిండి సంగతి. ఆల్చిప్పల మాంసం అక్కడ పచ్చిదే తింటారు, సముద్రపు ఉప్పు నీళ్లతో సహా. పక్కన ఈ మస్కదే. పులియబెట్టాక అడుగున దిగిన మడ్డి మీదే చలికాలమంతా ఉంచుతారు, అందుకే నాలుక మీద సన్నగా చిమచిమలాడుతుంది. నీ దగ్గర దాపరికమేముంది, నేనూ రెండు గుక్కలు తాగాను. చేపముక్క మీద నిమ్మకాయ పిండితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే, నీచు తెలియనివ్వలేదు. అక్కడ ఎర్ర వైన్ పోసి ఉంటే చెడేది. ఎర్రదానిలో ఇనుము ఎక్కువుంటే చేపతో కలిసి నీచు ఇంకా రేగుతుంది.

కోడలు ఉల్లిపాయ, మిరియాలతో చేసిన రొయ్యల వేపుడుకీ బాగా కుదిరింది. మర్నాడు నేను చేపల పులుసు పెట్టాను, చింతపండు మన కొలతే. మస్కదే నీళ్లలా చప్పబడిపోయింది! కూర పులుపు వైన్ పులుపుని మించకూడదట. పైగా మిరపకారానికి ఆల్కహాలు తోడైతే మంట పెరుగుతుంది. పక్కింటావిడ ఒక ముద్ద తిని, మారు మాట్లాడకుండా ఇంటికెళ్లి వూవ్రే సీసా తెచ్చింది. అదీ 'బియో'నే, ల్వార్ నదికి ఎగువన తూర్ పక్క ఊరిది, కొంచెం తీపి మిగిల్చి చేసింది. బెల్లం ముక్క వేసిన పులుసు లేదూ, అలా పొందింది. కారం నాలుక మీదే ఉంది, మంట మాత్రం అణిగింది. ఆవిడ అన్నం మారు వడ్డించుకుని, చింతపండు ఎక్కడ దొరుకుతుందని కోడల్ని అడిగి రాయించుకుంది.