సందులు కలిసిన ఊరు

మా చిన్నతనంలో దామరచర్లలో ఏ సందులో దూరినా ఇంకో బజారులో తేలేవాళ్లం. కిరాణా కొట్టుకు ఒక తొవ్వన పోయి ఇంకో తొవ్వన వచ్చేవాళ్లం. సందులన్నీ వంకరే. రెండు ఎడ్లబండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి జరగాల్సిందే. అయినా దారి మూసుకుపోయింది అనే మాట తక్కువగా వినేవాళ్లం. ఊరి చివర బజారు ఆగేది కాదు, డొంకై పొలాల్లోకి సాగేది.

ఒక సందు మరీ గుర్తు. ఒకవైపు నాపరాళ్ల గోడ, బండ్ల ఇరుసులు రాసుకుని దాని మూల నున్నగా అరిగిపోయి ఉండేది. రెండోవైపు వడ్ల బస్తాలు పేర్చిన వసారా. వానపడితే ఆ వసారాలోంచే నడిచేవాళ్లం. "ఏం బిడ్డా, మీ అమ్మకు జరం తగ్గిందా?" అని ఆ ఇంటి అవ్వ అడిగేది. బడికి పోయేలోపు ఊరి కబుర్లన్నీ మాకు అందేవి.

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు నాలుగు వరుసలయ్యాక దాన్ని దాటడమే పెద్ద పనైంది. 2015లో మండలంలోని వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. దాంతో ప్లాట్ల కోసం పొలాల్లో కడీలు లేచాయి. ఒక్కో రైతు పొలం ఒక్కో వెంచర్. ఎవరి గేటు వాళ్లది, ఎవరి ప్రహరీ వాళ్లది. లోపల ముప్పై అడుగుల రోడ్లు తాడు పట్టినట్టు తిన్నగా ఉంటాయి, పోయి పోయి గోడకు తగులుతాయి. వెనకింటి పిల్లాడితో ఆడుకోవాలంటే లారీలు తిరిగే రోడ్డెక్కి చుట్టి రావాలి. చిన్నపిల్లల్ని ఆ రోడ్డు మీదికి ఏ తల్లి పంపుతుంది? నాకు బాధంతా అక్కడే.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. బారింగ్టన్-లీ, మిల్లర్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచంలోని వీధులను కొలిచి 2020లో ఫలితాలు ప్రచురించారు. 1975 తర్వాత వేసిన వీధుల్లో ఒకదానికొకటి కలవనివి చాలా దేశాల్లో పెరుగుతూ వచ్చాయని తేల్చారు. ఇల్లయితే పడగొట్టి కట్టుకోవచ్చు, వీధిని ఒకసారి వేశాక మార్చడం బహు కష్టం.

అందుకే లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేనాడే పట్టుబట్టాలి. రోడ్డు కొసన గోడ కట్టనివ్వకూడదు, రేపు పక్క పొలం ప్లాట్లయితే కలుపుకునేలా వదిలించాలి. పాత బండ్ల బాటలు ఊరి నక్షాలో గీసి ఉంటాయి. వాటి పక్క పొలాలు అమ్ముడుపోకముందే సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతిస్తే, ఆ బాటల్లో కొన్నయినా మళ్లీ దారులవుతాయి.