కొల్లాపూర్ సురభి, కడప సురభి

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ సంస్థానాన్ని ఏలినవారి ఇంటిపేరు సురభి. తెలుగునాట నాటకం అనగానే నోటికొచ్చే పేరూ సురభే. ఈ రెండింటికీ ముడిపెట్టి నేనొక అబద్ధాన్ని అచ్చు వేయించాను. హైదరాబాద్‌లో జరిగిన ఒక నాటకోత్సవం ప్రత్యేక సంచికకు నగర రంగస్థల చరిత్ర రాయమని అడిగితే, సురభి నాటక సమాజం కొల్లాపూర్ రాజుల నీడలో పుట్టిందని రాసిచ్చాను. ఎక్కడా చదవలేదు, ఎవరూ చెప్పలేదు. పేర్లు కలిశాయి, మనసు అదే కోరుకుంది.

ఎందుకు కోరుకుందో చెప్పాలి. నేను చదివిన హైదరాబాద్ నాటక చరిత్రలు 1961లో రవీంద్రభారతి తెరుచుకోవడం దగ్గరో, కోస్తా నుంచి వచ్చిన సమాజాల దగ్గరో మొదలయ్యేవి. కొల్లాపూర్ ఒకప్పుడు భాగంగా ఉన్న మా పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) పేరు వాటిలో ఉండేది కాదు. కరువు అన్నా వలస అన్నా వెంటనే గుర్తొచ్చే మా జిల్లా, కళ అంటే ఎవరికీ గుర్తురాదన్న మంట నాకు చాలా ఏళ్లుగా ఉంది.

సంచిక వచ్చాక కొల్లాపూర్ నుంచి ఓ పెద్దాయన ఫోన్ చేశారు. కోప్పడలేదు. "సారూ, సంతోషమే గానీ, ఇది ఏ పుస్తకంల ఉన్నదో చెప్తరా? మా మనుమలకు సూపిస్త" అన్నారు. చూసి చెప్తానని ఫోన్ పెట్టేశాను. చూడ్డానికి ఏముంది?

నిజం తెలుసుకోవడం కష్టమేమీ కాలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆడించిన కీచకవధతో ఆ సమాజం మొదలైంది. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. ఊరి పేరే సమాజం పేరైంది. కుటుంబాలు పెరిగినకొద్దీ కొత్త సమాజాలు పుట్టాయి. వాటిలో 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి చివరికి హైదరాబాద్ శేరిలింగంపల్లి చేరింది. దాన్ని నడిపిన బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టి, పిల్లల్ని తెరవెనుకే పెంచుకున్న ఆ కుటుంబాల కష్టాన్ని నేను రాజుల ఖాతాలో వేశాను. తప్పులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

నాలాంటి మంటే నాకంటే ముందు ఇంకొకరికీ ఉండేది. మా నేల మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారిది గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. నాటకాలూ రాశారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన 1934లో జవాబిచ్చారు. 354 మంది కవుల్ని చేర్చి గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆయన కడుపు మండితే కవుల్ని వెతికారు, నేను కడుపు మండి కథ అల్లాను.

వెతకడానికి నాకు ఏమీ దొరకక కాదు. ఆ వ్యాసం రాసే రోజుల్లోనే వనపర్తి దగ్గర ఒక ఊళ్లో హార్మోనియం మాస్టారి నాటకం నోటుబుక్కు చూశాను. అంచులు నలిగిన పొడుగాటి లెక్కల పుస్తకం. ప్రతి పద్యం పక్కన రాగం పేరు, "వన్స్ మోర్" పడుతుందనుకున్న చోట ఎర్రసిరాతో గీత. వెనక పేజీల్లో ఏ వేషానికి ఎవరు ఎంత ఇచ్చారో లెక్క: కృష్ణుడికి ఎక్కువ, ద్వారపాలకుడికి తక్కువ. చదువురాని రైతులకు పద్యాలు నోటితో చెప్పి బట్టీ పట్టించేవాడట ఆయన. అలా నేర్చినవాళ్లలో కొందరు బతుకుదెరువుకు హైదరాబాద్ వెళ్లి, అక్కడి బస్తీల్లో కూడా రాత్రిళ్లు రాయబారం ఆడారని ఆయన కొడుకు చెప్పాడు. నగర నాటకానికీ మా పాలమూరుకీ నేను వెతుకుతున్న ముడి అదే. అందులో రాజు లేడని పక్కన పెట్టేశాను. ఇప్పుడు మళ్లీ వెళ్లి ఆ పేజీలకు ఫొటోలు తీస్తున్నాను, పేర్లున్న మనుషుల ఇళ్లు వెతుకుతున్నాను. చాలామంది పోయారు.

పెద్దాయనకు ఫోన్ చేసి పుస్తకమేదీ లేదని, అది నా ఊహేనని చెప్పాను. "మంచిదైంది సారూ, పోరగాండ్లకు ఇంక చెప్పలే" అన్నారు. కానీ ఆ సంచిక మళ్లీ రాదు, సవరణ వేయడానికి చోటు లేదు. పైగా ఈ మధ్య ఒక విద్యార్థి వ్యాసంలో నా వాక్యమే నాకు ఎదురైంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను: సురభి నాటక సమాజం పుట్టుకకూ కొల్లాపూర్ సంస్థానానికీ నేను చెప్పిన సంబంధం లేదు. నన్ను నమ్మి ఎవరైనా ఎక్కడైనా రాసుకుని ఉంటే, దయచేసి కొట్టేయండి.