పళ్ళెం దగ్గర పిల్లవాడి మాట

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్), 2019 జూలై 20, శనివారం

వారమంతా బడిలో గుడ్డు గొడవే. మధ్యాహ్న భోజనంలో వారానికి రెండు రోజులైనా గుడ్డు పెట్టమని ప్రభుత్వం జనవరిలో చెప్పింది. కబీరు బోధల్ని అనుసరించే, మాంసం, గుడ్డు ముట్టని కబీర్‌పంథీలు వద్దన్నారు. ఇప్పుడు కొత్త ఉత్తర్వు: తల్లిదండ్రులతో సమావేశం పెట్టాలి, తినని పిల్లల్ని గుర్తించి సోయా పాలలాంటివి ఇవ్వాలి, గుడ్లు విడిగా ఉడికించాలి, పిల్లల్ని విడిగా కూర్చోబెట్టాలి. సమావేశంలో ఒప్పందం కుదరకపోతే గుడ్లు ఇళ్ళకు పంపాలి.

తినని ఇంటి నియమం మీద నాకు గౌరవమే. నా తరగతిలో ఒక కబీర్‌పంథీ పాప గుడ్డు వాసనకే ముఖం తిప్పేసుకుంటుంది. ఆ పాపను ఎవరూ బలవంతపెట్టకూడదు. కానీ పక్కనే ఒకడు "మోలా అండా చాహీ" (నాకు గుడ్డు కావాలి) అంటున్నాడు. వాడి మాట ఏ కాగితం మీద రాయాలి?

జూలై 23, మంగళవారం

సమావేశం అయింది. మాట్లాడినవాళ్ళంతా మగవాళ్ళే. ఊళ్ళోని తోరవా నుంచి వచ్చిన మన తెలుగు తల్లులు వెనక కూర్చుని నోరు విప్పలేదు. అయ్యాక ఒకావిడ నా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, గుడ్డు ఇంటికిచ్చేస్తే మావోడి దాకా వస్తాదేటి? ముందాళ్ళ నాన్నకి, మిగిల్తే చంటోడికి. బడిలోనే ఎట్టండమ్మా" అంది. పెద్దలు గంటసేపు వాదించినా తేలనిది ఆవిడ ఒక్క మాటలో చెప్పింది. నేను దాన్ని హిందీలో రాసి నివేదికకు జతచేశాను.

రాత్రి లెక్క చూసుకున్నాను. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, అరటిపండులో ఒక్కటే. తమిళనాడులో గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు. మంచిదే, కానీ అది గుడ్డుకు సాటి కాదు. సాటి వచ్చేది ఎదురుగా పెట్టి అడిగితేనే అది అడిగినట్టు. అమెరికాలో 1975 నాటి చట్టం హైస్కూలు పిల్లలకు వద్దన్నది వదిలేసే వీలిచ్చింది. ఇప్పుడక్కడ అయిదు రకాలు పెడితే మూడైనా తీసుకోవాలి, అందులో పండో కూరగాయో ఒకటి ఉండాలి. కనీసం ఎంత అన్నది ప్రభుత్వం చెబుతుంది, ఏది అన్నది పిల్లవాడు చెబుతాడు. మన సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన భోజనం పెట్టి తీరాలని చెప్పి ఆ కనీసాన్ని ఖాయం చేసింది. పిల్లవాణ్ణి అడగడం మాత్రం ఇంకా మొదలుకాలేదు.

ఆగస్టు 1, గురువారం

బడిలోనే గుడ్డు పెట్టారు. తినేవాళ్ళు ఒక వరుస, తిననివాళ్ళు ఒక వరుస. నాకు ఒళ్ళు మండింది. ఈ దేశంలో పంక్తులు విడదీస్తే దాని అర్థం ఏమిటో ఏడేళ్ళ పిల్లలకూ తెలుసు. గిన్నెలు వేరుగా ఉండాలి, గరిటెలూ వేరుగా ఉండాలి, అందుకు ఒప్పుకుంటాను. చాపలు ఎందుకు వేరు? వంట దీదీతో మాట్లాడి అందరినీ మళ్ళీ ఒకే వరుసలో కూర్చోబెట్టించాను. ఆవిడ రెండు గిన్నెలతో వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ "కా లేబే?" (ఏం తీసుకుంటావు?) అని అడిగింది. కబీర్‌పంథీ పాప సోయా పాలు తీసుకుని పక్కపిల్లతో కబుర్లలో పడింది.

అండా కావాలన్నవాడికి మాత్రం ఇవ్వలేకపోయాం. వాళ్ళ నాన్న గుడ్డు వద్దని కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ సంతకాన్ని దాటి నేను పెట్టలేను, పెట్టకూడదు కూడా. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి ఆయనతో మాట్లాడతాను. పిల్లవాడు కూడా అక్కడే ఉండాలని ముందే చెప్పి పంపాను.